మా ఊపిరికి ఒక రిజిస్టరు తెరవండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారం.

నేను ముత్తుకూరు మండలంలో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా, అంటే ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సుగా, పనిచేసి, మూడేళ్ల కిందట పదవీ విరమణ చేసినదాన్ని. బొగ్గు కేంద్రాల చుట్టుపక్కల ఊళ్లలో శ్వాస జబ్బులు రాసే ఒక రిజిస్టరు తెరవండి అని, ఈ ఒకే ఒక్క పని మీ ఇద్దరినీ అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. సోమవారం అర్జీల్లో ఇచ్చి ఊరుకోవచ్చు. కానీ బొగ్గు కేంద్రాలు, క్వారీలు, క్రషర్లు ఉన్న ప్రతి మండలానికీ ఇది వర్తిస్తుంది కాబట్టి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా రిజిస్టర్లతోనే గడిచింది. అర్హ దంపతుల రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, జనన మరణాల రిజిస్టరు, జ్వరం వచ్చినవారి రక్తపూతల రిజిస్టరు, క్షయ రోగుల కార్డులు. ఉపకేంద్రం నుంచి పాలేనికి, పాలెం నుంచి గిరిజన కాలనీకి ఆ పుస్తకాల సంచి భుజాన వేసుకుని నడిచేదాన్ని. చాలామంది దాన్ని రాతకోతల చాకిరీ అంటారు. నేను ఎప్పుడూ అలా అనుకోలేదు. కాన్పులో తల్లి పోయిందనో, పసిబిడ్డ పోయిందనో రాస్తే నెల తిరగకముందే ఎవరో ఒకరు జీపులో వచ్చి కూర్చుని అడిగేవారు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎవరు చూశారు, ఆసుపత్రికి ఎందుకు తీసుకువెళ్లలేదు, బండి ఎందుకు దొరకలేదు? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలన్న భయంతోనే మేం తొమ్మిదో నెల గర్భిణుల ఇళ్ల చుట్టూ తిరిగాం. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 53 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2019-21 సర్వే నాటికి మన రాష్ట్రంలో ఆ సంఖ్య 30కి దిగింది. రోడ్లు, 108 బండ్లు, ఆడపిల్లల చదువు, చేతిలో నాలుగు డబ్బులు, అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. అందులో రిజిస్టరుకు కూడా వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. పుస్తకంలో ఉన్నదాని గురించే పైవాళ్లు అడుగుతారు. అడిగినదాని మీదే కిందివాళ్లు పని చేస్తారు.

మా ఊపిరి ఏ పుస్తకంలోనూ లేదు. నా ఫిర్యాదు అదే.

అభివృద్ధి వద్దని చెప్పడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఈ తీరాన ఉన్నవి వరి, ఉప్పు, చేప. తుపాను వస్తే అవీ లేవు. వంటింట్లోకి వెళ్తే పొగకు కళ్లు కనపడేవి కావు. సర్వి పుల్లలూ తాటిమట్టలూ పెట్టి వండే పొయ్యి ముందు, చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని ఊదుతూ కూర్చునేవారు బాలింతలు. ఆ బిడ్డలకే న్యుమోనియా వచ్చేది. 1999లో దీపం పథకం వచ్చింది, తరువాత ఉజ్వల వచ్చింది. చేతిలో కూలి డబ్బులు నిలిచే రోజులు వచ్చాక సిలిండరు తిరిగి నింపించుకోగలిగారు. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. దాని వెంట బొగ్గుతో నడిచే విద్యుత్తు కేంద్రాలు, నూనె మిల్లులు, గోదాములు వచ్చాయి. మా మేనల్లుడికి అక్కడే పని దొరికింది. వాళ్ల ఇంటి మీద ఇప్పుడు రేకులు పోయి స్లాబు పడింది. ఇవన్నీ నా కళ్ల ముందు జరిగినవే. కాదంటే అబద్ధమాడినట్టే అవుతుంది.

అయితే ఇంట్లో పొగ తగ్గినంత కాలంలోనే బయట గాలి మారింది. ఇది మా ఊరి కథ మాత్రమే కాదు, దేశం కథ. 1990 నుంచి 2019 వరకు దేశంలో మరణాల లెక్కలు తీసిన శాస్త్రవేత్తలు, ఇంటి పొగ వల్ల కలిగే మరణాల రేటు 64 శాతం తగ్గిందనీ, బయటి సన్నధూళి వల్ల కలిగే మరణాల రేటు 115 శాతం పెరిగిందనీ తేల్చారు. రెండూ కలిపి 2019 ఒక్క ఏడాదిలో 16.7 లక్షల మరణాలు. దేశంలో ఆ ఏడాది జరిగిన మొత్తం మరణాల్లో దాదాపు 18 శాతం. మనుషులు పనిచేయాల్సిన వయసులో పోవడం వల్లా, మంచాన పడడం వల్లా దేశం కోల్పోయిన ఆదాయం స్థూల దేశీయోత్పత్తిలో 1.36 శాతం అని అదే అధ్యయనం లెక్కకట్టింది. పెరిగిన సంపదలోంచే ఆ డబ్బు పోతున్నది. ప్రపంచమంతా చూసినా ఇదే వాటం. 2019లో ఆరుబయటి గాలి కాలుష్యంతో అకాలంగా చనిపోయినవారు 42 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో 89 శాతం మంది మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాలవారే.

ఇవి పెద్ద లెక్కలు. మా మేడ మీది చిన్న సంగతి ఒకటి చెబుతాను.

వేసవిలో వడియాలు పెట్టడం మా ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచి ఉన్న అలవాటు. పోయిన మార్చిలో ఉతికిన తెల్ల పంచె పరిచి బియ్యప్పిండి వడియాలు పెట్టాను. పైన పలుచని వాయిల్ చీర కప్పాను. మూడు రోజులు ఎండాక వడియాలు ఒలుస్తుంటే, వడియం ఉన్నచోట గుండ్రంగా తెల్లటి మచ్చ, దాని చుట్టూ పంచె అంతా బూడిద రంగు. పంచె నిండా తెల్లటి చుక్కలు. వేలితో రుద్దితే నల్లటి మెరుపు అంటింది. పైన చీర కప్పిన తరువాత కిందికి దిగిన ధూళి అది. ఆ పంచెను నేను ఉతకలేదు. మడిచి దాచాను.

అది ఏ పొగగొట్టానిది, ఏ గుట్టది, టార్పాలిన్ సరిగా కట్టని ఏ లారీది అని అడిగితే నేను చెప్పలేను. అందుకే ఏ సంస్థ పేరూ ఈ లేఖలో రాయడం లేదు. తేల్చి చెప్పగలిగే లెక్క నా దగ్గర లేదు, మీ దగ్గరా లేదు.

కంటికి కనిపించే ఆ నల్లపొడి నిజానికి తక్కువ ప్రమాదకరమైనది. ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, కళ్లెతో బయటికి వస్తుంది. భయపడాల్సింది కనపడనిదానికి. 2.5 మైక్రాన్ల కంటే సన్నని రేణువు తలవెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉంటుంది. అది ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. అంతకంటే సన్నవి రక్తంలోకి దిగుతాయి. అందుకే ఈ గాలి దగ్గు, ఉబ్బసాలతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు దాకా వెళ్తుంది. ఈ సన్నధూళి అంతా పొగగొట్టంలోంచి ధూళిగానే రానక్కరలేదు. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, గాలిలో కొన్ని గంటలో రోజులో తిరిగి సల్ఫేటు రేణువుగా మారి ఎక్కడో దిగుతుంది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఈ సన్నధూళి 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 40. అంటే మనం 'బాగుంది' అని రాసుకునే గాలి కూడా వాళ్ల దృష్టిలో బాగున్న గాలి కాదు.

మరి ఈ జబ్బులు మన రికార్డుల్లో ఎలా కనిపిస్తాయి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ పుస్తకం తెరిస్తే 'దగ్గు', 'ఆయాసం', 'జలుబు' అని వరుసలు ఉంటాయి. ఆయాసం తగ్గించే ఒక డెరిఫిలిన్ ఇంజెక్షన్, నాలుగు మాత్రలు, లేదా నెబ్యులైజర్ పెట్టి పంపించేయడం. అదే మనిషి పది రోజులకు మళ్లీ వస్తే అది కొత్త నంబరు, కొత్త వరుస. ఏడాదిలో ఆ మనిషి ఎన్నిసార్లు వచ్చాడో, అతని ఇల్లు ఎటువైపు ఉందో, ఆ వీధిలో ఇంకెందరికి అలా ఉందో చెప్పే పేజీ ఎక్కడా లేదు. క్షయ అని ఆరు నెలలు మందులు మింగినా తగ్గక తిరిగి వచ్చినవారిని నేను చూశాను. కొంత డబ్బు ఉన్నవారు నెల్లూరు వెళ్లి ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటారు, ఆ కాగితాలు ప్రభుత్వం కంట పడవు.

ముప్పై ఏళ్లు నిండిన అందరికీ బీపీ, షుగరు పరీక్షలు చేసేటప్పుడు ఆశా కార్యకర్తలు నింపే పత్రం ఒకటి ఉంది. అందులో ఊపిరితిత్తుల జబ్బు గురించి కూడా ప్రశ్నలున్నాయి, అది మంచి మాటే. ఏ వంటచెరకు వాడతారు, చెత్త తగలబెడతారా, పొగ, దుమ్ము ఉండే ఇటుక బట్టీల వంటి చోట్ల పనిచేస్తారా అని అడుగుతుంది. ఆ పత్రాలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని చదువుతున్నాం. గ్యాసు మీదే వంట. చెత్త తగలబెట్టదు. ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయదు. అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టాం. టిక్కు పెడుతున్నంతసేపూ ఆమె గొంతులో పిల్లికూతలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఫ్యాక్టరీకి వెళ్లదు, సరే. ఫ్యాక్టరీ ఆమె ఇంటికి ఎంత దూరంలో ఉందో అడిగే ప్రశ్న ఆ పత్రంలో లేదు.

ఆ తరువాతి ఏడాది ఆమె చనిపోయింది. మరణాల రిజిస్టరులో ఆమె వరుస నేనే రాశాను. కారణం దగ్గర 'వృద్ధాప్యం' అని రాశాను. అప్పట్లో అది తప్పనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు ధ్రువీకరించిన కారణం ఉన్నవి 22.5 శాతమే. మిగిలిన వాటిలో 'గుండె ఆగి', 'ముసలితనం', 'జ్వరం' వంటి మాటలే నాలాంటివాళ్లు రాసి పెట్టాం.

ఇప్పుడు దీన్ని ఇంకొకదానితో కలిపి చూడండి. గాలి కాలుష్యం వల్ల ఎంతమంది చనిపోతున్నారని పార్లమెంటులో సభ్యులు అడిగిన ప్రతిసారీ కేంద్ర పర్యావరణ శాఖ ఇంచుమించు ఒకే జవాబు చెబుతూ వచ్చింది. కేవలం గాలి కాలుష్యం వల్లే మరణం సంభవించిందని నేరుగా నిరూపించే కచ్చితమైన సమాచారం దేశంలో లేదని. ఆ జవాబు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? ఊళ్లో ఉపకేంద్రం నుంచి రావాలి. ఉపకేంద్రానికి ఆ గడి ఉన్న పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. పుస్తకం ఇవ్వకుండా లెక్క లేదనడం, లెక్క లేదు కాబట్టి జబ్బు లేనట్టే అనుకోవడం, ఈ రెండిటి మధ్య నలిగిపోతున్నవాళ్లు మా ఊళ్లవాళ్లు.

మిగతావాటికి లెక్కలు లేవా? ఎన్ని మెగావాట్లు పుట్టాయో గంట గంటకూ తెలుస్తుంది. రేవులో ఎన్ని టన్నుల బొగ్గు దిగిందో తెలుస్తుంది. చివరికి బూడిదకు కూడా లెక్క ఉంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రతి బొగ్గు కేంద్రం తన దగ్గర పుట్టిన బూడిదనంతటినీ ఉపయోగంలోకి తేవాలి, ఎంత పుట్టిందో ఎంత వాడారో చూపించాలి. బూడిదకు దొరికిన ఆ గౌరవం దాన్ని పీల్చే మనుషులకు కూడా దొరకాలని అడుగుతున్నాను.

'ముందు ఎదగనివ్వండి, ధనిక దేశాలు కూడా ఇలాగే ఎదిగాయి, తరువాత శుభ్రం చేసుకున్నాయి' అని చదువుకున్నవాళ్లే అంటుంటారు. అది సగం నిజం. ఆ దేశాలు శుభ్రం చేసుకున్నది డబ్బు వచ్చినందుకు మాత్రమే కాదు, లెక్క బయటపడినందుకు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ నగరం మీద బొగ్గు పొగ, మంచు కలిసి దుప్పటిలా దిగాయి. చేయి చాపితే చేయి కనపడని చీకటి. అప్పటికే లండన్ ధనిక నగరం, బొగ్గు వాళ్ల సంపదకు మూలం. ఆ అయిదు రోజుల్లో ఏదో ఘోరం జరిగిందని తెలిసింది వారం వారం వచ్చే మరణాల నమోదు పట్టిక వల్ల. మామూలు రోజుల కంటే సుమారు 4,000 మంది ఎక్కువగా చనిపోయారని అందులో కనిపించింది. తరువాతి నెలల్లో కూడా మరణాలు ఎక్కువగానే ఉంటే, అవి ఇన్‌ఫ్లుయెంజా వల్ల అని ప్రభుత్వం సర్దిచెప్పుకుంది. దాదాపు యాభై ఏళ్ల తరువాత అవే పట్టికలను మళ్లీ తీసి చూసినవారు మొత్తం 12,000 దాకా ఉండవచ్చని తేల్చారు. పట్టిక ఉంది కాబట్టి యాభై ఏళ్ల తరువాతైనా అడగగలిగారు. అంతకుముందే 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. ఊరూరా మరణాలు నమోదు చేసిన గుమాస్తాల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లే లేకపోతే ఆ చట్టం అంత తొందరగా వచ్చేదని నేను అనుకోను.

అమెరికాలో ఆరు పట్టణాల్లో 8,111 మందిని పద్నాలుగు నుంచి పదహారేళ్ల పాటు వెంబడించి, అందరికంటే మురికి గాలి ఉన్న పట్టణంలో మరణాల రేటు అన్నిటికంటే శుభ్రమైన పట్టణం కంటే 26 శాతం ఎక్కువని 1993లో చెప్పారు. పొగతాగే అలవాటు వంటివన్నీ తీసేసి వేసిన లెక్క అది. సన్నధూళికి ఆ దేశం 1997లో పెట్టిన మొదటి ప్రమాణానికి ఆ అధ్యయనం ఒక ముఖ్యమైన ఆధారం. చైనా సంగతి మనకు ఇంకా దగ్గర. 2013లో గాలి లెక్కలు ప్రజలకు గంట గంటకూ చూపించడం మొదలుపెట్టింది. ఆ ఏడాది బీజింగ్‌లో సుమారు 89 మైక్రోగ్రాములున్న సన్నధూళి 2020 నాటికి 38కి దిగింది. ఆ ఏడేళ్లలో చైనా ఎదుగుదల ఆగిపోలేదు.

మన దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. బొగ్గు కేంద్రాల పొగకు 2015 డిసెంబరులో కొత్త ప్రమాణాలు వచ్చాయి. రెండేళ్లలో అమలు చేయాలన్నారు. గడువు మళ్లీ మళ్లీ జరిగింది. 2025 జూలైలో సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో దేశంలోని ఎక్కువ కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేశారు. ఏ కేంద్రానికి నిబంధన, ఏ కేంద్రానికి మినహాయింపు అనేది అది పెద్ద నగరానికో, ఇప్పటికే గాలి చెడిన నగరానికో, ప్రాంతానికో ఎంత దగ్గరలో ఉందన్న దాన్ని బట్టి నిర్ణయించారు. దాని వెనుక సాంకేతిక కారణాలు ఉన్నాయంటారు, వాటి మీద వాదించే చదువు నాకు లేదు. నాకు అర్థమైంది ఒక్కటే. పల్లెలో ఉన్న ఊపిరితిత్తులు ఆ తూకంలో పడలేదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైతే, ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన నెల్లూరు ఉంది, పక్కన ఒంగోలు ఉంది. అదీ నగరాల జాబితాయే. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి ఊరు అందులో లేదు, ముత్తుకూరు లేదు.

అయ్యా, అమ్మా, నేను అడిగే పని ఇది.

బొగ్గు కేంద్రాలకూ, బొగ్గు దిగే రేవుకూ పది కిలోమీటర్ల లోపు ఉన్న ప్రతి ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో ఒక శ్వాస రిజిస్టరు తెరవండి. పది కిలోమీటర్లు నేను ఊహించి చెప్పిన దూరం కాదు. పర్యావరణ అనుమతి కోసం సంస్థలు తయారుచేసే నివేదికల్లో చుట్టూ పది కిలోమీటర్లనే అధ్యయన ప్రాంతంగా తీసుకుంటారు. కట్టకముందు అధ్యయనం చేసిన ప్రాంతాన్నే కట్టిన తరువాత కూడా చూడమంటున్నాను. ఆ రిజిస్టరులో ఒక మనిషికి ఒక పేజీ ఉండాలి, ఒక రోజుకు ఒక వరుస కాదు. పేరు, వయసు, ఇల్లు ఎక్కడ, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏం పని, బీడీ తాగుతారా, ఇంట్లో ఏ పొయ్యి. దగ్గు, పిల్లికూతలు, రాత్రి ఆయాసంతో లేవడం ఎప్పుడెప్పుడు. ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటరులో ఊదించి అంకె రాయాలి. అనుమానం ఉన్నవారికి ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాలి.

పీక్ ఫ్లో మీటరు పెద్ద యంత్రం కాదు. జానెడు ప్లాస్టిక్ గొట్టం, దాని మీద స్కేలు, ఒక ముల్లు. కరెంటు అక్కరలేదు. కొన్ని వందల రూపాయలు. పదవీ విరమణ చేశాక నేనే ఒకటి కొన్నాను. మా వరండాలో కూర్చుని వచ్చిన పిల్లలతో ఊదిస్తుంటాను, వాళ్లకు అది ఆట. అయిదో తరగతి చదివే పిల్లవాడొకడు వచ్చాడు. నిండుగా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదమన్నాను. ముల్లు కొద్దిగా కదిలి ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి ఊదాక దగ్గుతెర పట్టుకుంది, గోడ పట్టుకుని నిలబడ్డాడు. అతని ఎత్తుకు చార్టులో ఉండాల్సిన అంకె దరిదాపులకు కూడా రాలేదు. తల్లి పక్కనే ఉంది. 'నర్సమ్మా, వీడు రాత్రిళ్లు పడుకోడు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. చలికాలం కదా అనుకున్నాం' అంది. ఎప్పటినుంచి అని అడిగితే వేళ్లు లెక్కపెట్టి మూడు చలికాలాలు అంది. ఆ మూడు చలికాలాల్లో వాడు బడికి వెళ్లాడు, వాడికి బరువు చూశారు, ఎత్తు కొలిచారు, నులిపురుగుల మాత్ర వేశారు. ఊపిరి మాత్రం ఎవరూ కొలవలేదు. పెద్దాసుపత్రికి పంపాను. ఇన్‌హేలరు ఇచ్చారు, ఇప్పుడు పడుకుని నిద్రపోతున్నాడు. మూడేళ్లు ఆగాల్సిన అవసరం ఏముంది?

వాడి ఉబ్బసానికి బొగ్గే కారణమని నేను అనను. ఒక్క పిల్లవాణ్ణి చూసి అలా చెప్పడం తప్పు. అందుకే రెండో మాట అడుగుతున్నాను. ఇదే రిజిస్టరును విడవలూరు మండలంలో కూడా తెరవండి. అదీ సముద్రం ఒడ్డే, అక్కడా వరి, చేపల చెరువులు, గ్యాసు పొయ్యిలు, బీడీలు ఉన్నాయి. బొగ్గు కేంద్రాలు లేవు. రెండేళ్ల తరువాత రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే మా భయం పోతుంది, మా మేడల మీద పడే ధూళిని తుడుచుకుని బతుకుతాం. తేడా ఉంటే, 'సమాచారం లేదు' అన్న జవాబు ఈ జిల్లా గురించి ఇక చెల్లదు. ఆ పుస్తకాలను ఎలా నింపాలో, ఎలా చదవాలో నెల్లూరులోని ప్రభుత్వ వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగంవారు చెప్పగలరు.

మరణాల సంగతి కూడా ఇందులో భాగమే. తల్లి మరణిస్తే, పసిబిడ్డ మరణిస్తే ఇంటికి వెళ్లి విచారించి రాసే పద్ధతి మాకు బాగా అలవాటు. పెద్దవాళ్ల మరణాలకు కూడా, కనీసం ఈ ఊళ్లలో, అలాగే ఇంటివాళ్లతో మాట్లాడి లక్షణాలు రాసుకుని, డాక్టరుతో కారణం నిర్ధారింపజేయండి. దేశంలో నమూనా నమోదు పద్ధతిలో ఇలాగే చేస్తున్నారు, మనం కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు.

ఇక గాలి లెక్క. పొగగొట్టాలకు అమర్చిన యంత్రాల రీడింగులు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో కాలుష్య నియంత్రణ మండలికి చేరాలని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు నివేదికలు ఇవ్వాలని పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ 2006 చెబుతోంది. అవి బహిరంగ పత్రాలే. కానీ ఇంగ్లీషులో, వందల పేజీల్లో, మా ఊళ్లవాళ్లకు తెలియని చోట ఉంటాయి. గ్రామ సచివాలయం గోడ మీద ఒక బోర్డు పెట్టించండి. నిన్నటి గాలి ఎంత, ఉండాల్సింది ఎంత, తెలుగులో, రెండు అంకెలు. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి గొడవపడే రైతుకు ఆ రెండు అంకెలు చూసి ప్రశ్న వేయడం రాదని ఎవరూ అనుకోవద్దు.

డబ్బు గురించి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద సంస్థలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బుతో స్వాగత తోరణాలు, బస్టాండు షెడ్లు, కంటి శిబిరాలు చూశాం. కంటి శిబిరం మంచిదే, కాదనను. కానీ ఆ నిధిలోంచి మీటర్లు, స్పైరోమీటర్లు, ఇన్‌హేలర్లు, ఇద్దరు శ్వాసకోశ వైద్యుల నెలవారీ శిబిరం కోరడానికి కలెక్టర్ గారి మాట చాలు. ఒక్క షరతు పెట్టండి. డబ్బు వాళ్లది కావచ్చు, పుస్తకం మాత్రం ప్రభుత్వం చేతిలో, ప్రభుత్వ ఉద్యోగి చేతిరాతలో ఉండాలి.

ఒక భయం గురించి చెప్పకుండా ఉండలేను. ఈ లేఖ రాస్తున్నానని తెలిసి మా వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి ఆపమన్నారు. 'మన పిల్లల పనులు పోతాయమ్మా' అన్నారు. వాళ్ల భయం తీసేయదగినది కాదు. గేటు దగ్గర కాంట్రాక్టు పని రోజువారీ మాట మీద నడుస్తుంది, ఇంట్లో ఎవరైనా నోరు తెరిస్తే ఆ మాట మారిపోతుందని అందరికీ తెలుసు. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో కూడా దగ్గుతూ వచ్చినవాళ్లు వేదిక ఎక్కి మాకు ఉద్యోగాలు కావాలనే అడిగారు, దగ్గు గురించి అడగలేదు. అందుకే ఈ పని ఫిర్యాదుల మీద నడవకూడదు. ఎవరో అర్జీ పెడితే వచ్చి చూసి పోయే తనిఖీగా ఉండకూడదు. టీకా వేయడానికి ఇంటింటికీ వెళ్లినట్టే వెళ్లాలి. రిజిస్టరు అందరినీ అడుగుతుంది, ఎవరినీ వేలెత్తి చూపదు. అందులో పేరు ఉన్నందుకు ఎవరి పనీ పోదు.

2021 మే నెలలో, కరోనా రోజుల్లో, ఊపిరి ఆడని మనుషులు, వాళ్ల కోసం పరుగెత్తినవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో మా కృష్ణపట్నానికి ఆనందయ్య మందు కోసం బారులు తీరారు. ఆ రోజుల్లో నేను డ్యూటీలో ఉన్నాను. ఆ వరసల్లో నిలబడినవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఊపిరి అందకపోతే మనిషి ఎంత దూరమైనా పోతాడు, ఏదైనా తాగుతాడు. అప్పుడు జిల్లా యంత్రాంగమంతా మా మండలానికి వచ్చింది. ఈసారి అంత హడావుడి అక్కరలేదు. ఒక ఏఎన్‌ఎం, ఒక ఆశా కార్యకర్త, ఒక పుస్తకం, ఒక గొట్టం చాలు.

కొత్తగా వచ్చిన అమ్మాయిలకు యాప్‌ల పని ఎక్కువైందనీ, ఇంకొక రిజిస్టరు అంటే మొయ్యలేరనీ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారు అనవచ్చు. ఆ మాట నిజమే, వాళ్లు పడుతున్న పని నాకు తెలుసు. మొదటి ఆరు నెలలు మా ఉపకేంద్రం పరిధిలో పీక్ ఫ్లో మీటరు పట్టుకుని ఇంటింటికీ తిరగడానికి నేను సిద్ధంగా ఉన్నాను. జీతం అక్కరలేదు. నాతో ఉద్యోగం చేసి విరమణ పొందిన మరో ఇద్దరు కూడా వస్తామన్నారు. మాకు కావలసింది మీ సంతకం ఉన్న ఒక ఉత్తర్వు, రూళ్లు గీసిన పుస్తకాలు.

వచ్చే సోమవారం అర్జీల సమయానికి కలెక్టరేటుకు వస్తాను. మీటరు, నా నోటుపుస్తకం, ఆ పంచె వెంట తెస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం
ముత్తుకూరు మండలం